విన్నాడో లేదో

కరెంటు పోయి పది నిమిషాలైంది. మళ్ళీ వచ్చేది మూడింటికి. అంటే ఇంకా యాభై నిమిషాలు ఈ మంచం పక్కన, ఈ ఇనప కుర్చీలో, ఒడిలో గుడ్డసంచి పెట్టుకుని కూర్చోవాలి, ఏదో ఒకటి మాట్లాడుతూ, లేకపోతే ఏమీ మాట్లాడకుండా, అనుకున్నాడు రాఘవేంద్రప్రసాద్. మే నెల. కిటికీకి జీవమ్మ కట్టిన తడి గోనెపట్టా అప్పుడే ఎండిపోయి పెళుసుగా వేలాడుతోంది. బయట కేసీ కాలువలో చుక్క నీళ్ళు లేవు. మంచం మీద దావీదురాజు కళ్ళు మూసుకుని ఉన్నాడు, నిద్రపోవడం లేదని తెలుస్తూనే ఉంది. గొంతు కింద డాక్టర్లు పెట్టిన రంధ్రం మీద తడిపిన పల్చటి గుడ్డ పరిచి ఉంది, ఊపిరికి ఆ గుడ్డ లేస్తోంది, దిగుతోంది, దిగిన ప్రతిసారీ లోపల ఏదో గీసుకున్న చప్పుడు. ఆ చప్పుడు వినకూడదని రాఘవేంద్రప్రసాద్ వంటింట్లో గరిటె తిరుగుతున్న చప్పుడు వింటున్నాడు, వీధిలో పోతున్న ఐసు బండి గంట వింటున్నాడు, అయినా చెవి తిరిగి తిరిగి ఆ గుడ్డ దగ్గరికే పోతోంది. ఇందాక గుమ్మంలోనే దావీదురాజు భార్య జీవమ్మ ఆపి చెప్పింది, "అన్నా, వారం కంటే ఎక్కువ కష్టమన్న్యాడు డాక్టరు. ఈయప్పకు చెప్పల్యా నేను." చెప్పకపోయినా దావీదురాజుకు తెలిసే ఉంటుంది, లేకపోతే పొద్దున ఆటోవాడి చేతికి చీటీ ఇచ్చి వేరుశనగ మండీలో తనకు ఎందుకు పంపుతాడు. చీటీలో రెండే ముక్కలు. నాటకం చూడాల, ఆఖరు అంకం. ఆఖరు అంకం ఇరవై రెండు నిమిషాలు. ఇప్పుడు అతను కళ్ళు తెరిచి చూడగలిగేదీ సుమారుగా అంతే. సంచిలో డిస్కులు మూడున్నాయి. ఒక్కటే పెట్టడానికి వీలవుతుంది.

మూడింటిలో ఉన్నదీ ఒకే నాటకం. ఇటలీ వాళ్ళది, మాటే లేకుండా మొత్తం పాటతో నడిచేది. మిషన్ స్కూల్లో ఉండిన ముసలి ఫాదర్ దాన్ని ఒపెరా అనేవాడు. ఆయన ఇటలీ మనిషే. తిరిగి వెళ్ళిపోయేటప్పుడు గ్రామఫోను, నాలుగు పెద్ద రికార్డులు దావీదురాజుకు ఇచ్చి, ఒక నోటు పుస్తకంలో పాటపాటకీ అర్థం రాసి పెట్టి పోయాడు. కథ పెద్దదేమీ కాదు. సముద్రం ఒడ్డున కోట ఉన్న ఊరు, చుట్టుపక్కల పల్లెల్లో మహమ్మారి, సాయంత్రం గంట కొట్టాక కోట తలుపు ఎవరికీ తియ్యకూడదని రాజాజ్ఞ. తలుపు కాపలావాడికి ఒకతే కూతురు. రోగులకు నీళ్ళివ్వడానికి పల్లెలోకి వెళ్ళిన ఆ పిల్ల గంట కొట్టాక తిరిగొస్తుంది. నాన్నా అని పిలవదు, పిలిస్తే ఆయన తలుపు తీస్తాడు, తీస్తే ఆయన్ని ఉరి తీస్తారు. పిలవలేక, పోలేక, చిన్నప్పుడు ఆయన నేర్పిన పాట ఒకటి మెల్లగా పాడుతుంది. తలుపుకు ఇవతల, నడుముకు తాళపుచెవితో, ఆ పాట సాగినంతసేపూ తండ్రి ఒక్క ముక్క పాడకుండా నిలబడాలి. పాట అయిపోయాక పక్కనున్న కాపలావాణ్ణి అడుగుతాడు, గాలేనా అని. గాలే, అంటాడు వాడు. తెల్లారి తలుపు తీస్తే పిల్ల చచ్చి పడి ఉంటుంది, అప్పుడు తండ్రి ఆఖరి పాట పాడతాడు. తండ్రి విన్నాడా, వినలేదా, ఆ సంగతి నాటకం రాసినవాడు ఎక్కడా చెప్పలేదు. దాని మీదే ఇద్దరికీ ముప్ఫై ఏళ్ళకు పైగా తగువు.

మొదటి డిస్కు నలుపు తెలుపుల్లో పాతది, బొమ్మ మీద వానజల్లు కురుస్తున్నట్టు గీతలు. అందులో తండ్రి వేషం కట్టినాయన లావుపాటి ముసలివాడు, పాట సాగినంతసేపూ కదలడు. ఇదే దావీదురాజు డిస్కు. "మెడ చూడప్పా శెట్టీ, మెడ చూడు, ఆ నరం చూడు. విన్యాడు. మొదటి స్వరానికే విన్యాడు," అనేవాడు రాఘవేంద్రప్రసాద్‌తో, ఆ చోట ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ పెట్టి. రెండోది రంగుల్లో, వందమంది వాయిద్యాలవాళ్ళతో, నిజమైన నిప్పు వెలుతుర్లో తీసింది. అందులో తండ్రి ఒడ్డూపొడుగూ ఉన్న మనిషి, కూతురు బయట పాడుతుంటే లోపల తోటివాళ్ళతో సారాయి తాగుతూ నవ్వుతుంటాడు, పొద్దున ఆయన పెట్టే కేకకు చూసేవాడి ఒళ్ళు చల్లబడుతుంది. ఇది రాఘవేంద్రప్రసాద్‌ది. బెంగుళూరుకు వేరుశనగ బుడ్డల లోడు పంపిన ప్రతిసారీ తానే లారీ వెంట వెళ్ళి, డిస్కుల కొట్లన్నీ తిరిగి మూడోసారికి సంపాదించాడు. వినింటే తెరిచేవాడప్పా, సొంత బిడ్డ, అనేవాడు తను. విని తెరవలేనోళ్ళు ఎంతమంది ల్యారు శెట్టీ, అనేవాడు దావీదురాజు. మూడోది కొత్తది, తండ్రికి పోలీసు యూనిఫారం, నడుముకు తుపాకీ. పాట మొదలవగానే రెండు చేతులతో చెవులు మూసుకుంటాడు. అది చూసి ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. "ఈయనకు మన మింద నమ్మకం ల్యా. చెవులు మూసుకుంటే గానీ మనకు తెలీదనుకున్న్యాడు," అన్నాడు దావీదురాజు. ఎంత చక్కగా చెప్పేవాడు. ఆ గొంతుతో చెప్పేవాడు.

గొంతు. డెబ్భై నాలుగులో మొదటిసారి విన్నది అదే, మనిషిని చూడడం తర్వాత. మండీకి పోయే దారిలో చర్చి గోడ పక్కన సైకిలు చైను ఊడింది, వంగి ఎక్కించుకుంటుంటే లోపల ఎవరో ఒక్క స్వరం మీద నిలబడి ఉన్నారు, ఆ నిలబడ్డం ఎంతకీ అయిపోలేదు. రాఘవేంద్రప్రసాద్‌కు అప్పుడు ఇరవై రెండేళ్ళు. అప్పటికి పదేళ్ళుగా తండ్రి వీరభద్రయ్య అతనికి నేర్పిన విద్య ఒకటే. వేరుశనగ కాయ ఒకటి తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపడం. పచ్చిగా ఉన్న కాయ మూగగా ఉంటుంది, ఎండింది గలగలమంటుంది, బూజు పట్టిన గింజ ఉన్నది గలగలమంటూనే అడుగున ఒక మందమైన చప్పుడు చేస్తుంది, అది నూటికి ఒకడికే వినబడుతుందిరా, మన వంశంలో ఆ చెవి ఉండాది, అనేవాడు నాన్న. ఆదోని నుంచి డోన్ దాకా రైతులు ఆ చెవిని నమ్మి బస్తాలు దించేవాళ్ళు. ఆ చెవితో గోడ ఇవతల నిలబడి, చేతులకు గ్రీజుతో, ఆ స్వరంలో ఎక్కడైనా మందపు చప్పుడు ఉందేమోనని వెతికాడు. లేదు. ఆ మర్నాడు కూడా ఆ దారినే వెళ్ళాడు. నాలుగో రోజు లోపలి నుంచి, చర్చిలో పాటలు నేర్పే మాస్టరు, నల్లగా సన్నగా ఉన్న ఒకాయన బయటికొచ్చి, "ఏమప్పా, రోజూ మా గోడకాడ్నే ఊడుతుందా నీ చైను," అన్నాడు.

ఆ తర్వాత ఎన్ని ఆదివారాలు. పొద్దున చర్చి అయ్యాక, మధ్యాహ్నం ఈ గదిలోనే, ఈ కుర్చీలోనే. మొదట గ్రామఫోను, తర్వాత క్యాసెట్లు, తర్వాత ఈ డిస్కుల మిషను. మిషను తనే కొన్నాడు, కొని ఈ ఇంట్లో పెట్టాడు, ఎందుకంటే తన ఇంట్లో భార్య నాగలక్ష్మమ్మ ఒక్కరోజు విని, ఎవురో ఎవుర్నో కొడుతున్నట్టుండాది, తీసెయ్యండి, అంది. పిల్లల పెళ్ళిళ్ళయినాయి, నాన్న పోయాడు, మండీలో బుడ్డలు తగ్గి పత్తి పెరిగింది, ఈ గదికి సున్నం రంగు మూడుసార్లు మారింది, తగువు మాత్రం మారలేదు. జీవమ్మ అల్లం టీ తెచ్చి పెట్టి, "ఇంగా ఆ ముసిలోడు ఇన్యాడా ల్యాదా తేల్ల్యా మీకు?" అనేది. తేలలేదు. తేలకూడదని కూడా ఉండేది. తేలితే మళ్ళీ ఆదివారం ఏం మాట్లాడుకుంటారు.

గుడ్డ లేచింది, దిగింది. దావీదురాజు చెయ్యి దుప్పటి మీద, మాటకు బదులు రాసే పలక కోసం తడిమి, అక్కర్లేదన్నట్టు ఆగిపోయింది. దాహమేమోనని లేవబోతే వేలు ఆడించి వద్దన్నాడు. ఆ వేలితోనే కదా, ఆ రోజు కూడా, అదే వేలు గాలిలో పైకి ఎత్తి. ఆ రోజు గుర్తు చేసుకోకూడదని ఈ పదకొండు నెలలూ రాఘవేంద్రప్రసాద్ చెయ్యని పని లేదు. ఆత్మకూరు దాకా పోయి అక్కర్లేని సరుకు చూసి వచ్చాడు, మంత్రాలయం వెళ్ళాడు, లెక్కల గుమాస్తా మీద ఊరికే అరిచాడు. ఇప్పుడు కరెంటు లేదు, ఫ్యాను చప్పుడు లేదు, తప్పించుకోవడానికి ఈ గదిలో ఏమీ లేదు. రెండువేల ఆరు డిసెంబరు, క్రిస్మసు పదిహేను రోజులుందనగా. రంగుల డిస్కు పెట్టుకుని మళ్ళీ అదే తగువు, తను ఆ పొద్దు గట్టిగా పట్టుకున్నాడు, వినలేదు కాబట్టే ఆ కేక అంత నిజంగా వచ్చింది అని. దావీదురాజు లేచి నిలబడ్డాడు. విన్నోడి పాట ఎట్లుంటుందో విను శెట్టీ, అని వేలెత్తి, ఆఖరి పాట ఎత్తుకున్నాడు. పై స్వరాలు ఎప్పటిలాగే. పాట మెట్లు దిగినట్టు కిందికి దిగి, కూతురి పేరు దగ్గర అట్టడుగు స్వరం మీద ఆగాలి. ఆగాడు. ఆ ఆగడంలో అడుగున ఒక మందమైన చప్పుడు.

విన్నాడు. బస్తా విప్పకముందే ఒక్క కాయతో తెలిసిపోయినట్టు తెలిసింది. జలుబు గొంతు ఎట్లుంటుందో తెలుసు, పొడుము పీల్చినవాడి గొంతు, రాత్రంతా అరిచినవాడి గొంతు తెలుసు, ఇది వాటిల్లో ఏదీ కాదు, లోపల ఏదో పట్టింది. తెలిసిన ఆ క్షణంలోనే ఇంకొకటి కూడా జరిగింది, అది జరిగిందని ఈ భూమ్మీద తనకొక్కడికే తెలుసు. సంతోషం వేసింది. చిన్నది, ఆవగింజంత. పాట చెడింది, కాబట్టి విన్నోడి పాట అని వీడు చెప్పేది నిలబడలేదు, ఇన్నేళ్ళకు ఒక ఆదివారం నేను గెలిచాను, అనే సంతోషం. దావీదురాజు అతని కళ్ళల్లోకి చూస్తూ అడిగాడు, "ఎట్లుండాది శెట్టీ?" శానా బాగుండాది, అన్నాడు. ఆ తర్వాతి ఆదివారం చెబుదామనుకున్నాడు. పండగ ముందు ఎందుకన్నాడు తనకు తాను. పండగ అయ్యాక, నేనేమన్నా డాక్టర్నా అనుకున్నాడు. జనవరిలో మాటలోనే కొంచెం బొంగురు కనబడింది, అందరికీ వినబడేదాకా ఆగితే ఎవరో ఒకరు చెబుతారులే అనుకున్నాడు. అందరికీ వినబడేసరికి మే నెల. జూన్‌లో హైదరాబాదులో ఆ చిన్న వయసు డాక్టరు ఫిల్ము వెలుతురుకు పెట్టి చూపించి, మామూలుగా, ఆరు నెలల ముందు తెచ్చింటే గొంతు ఉండేదండీ, అన్నాడు. జీవమ్మ ఏడ్చింది. తను వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టాడు, డిసెంబరు దగ్గర ఆరో వేలు వచ్చింది. గొంతు తీసేశాక మనిషైనా ఉంటాడనుకున్నారు. ఫిబ్రవరిలో క్యాన్సరు మళ్ళీ వచ్చింది.

ఇప్పుడు చెప్పి ఏం లాభం. చెబితే తన బరువు దిగుతుంది, అతని మీదికి ఎక్కుతుంది, వారం రోజుల మనిషి మీదికి. చెప్పకపోతే, వారం తర్వాత ఈ గదిలోకి తను రానక్కర్లేదు, ఆదివారం మధ్యాహ్నం మండీలో కూర్చోవచ్చు, ఆ చెవిని నమ్మి ఇంకా ఎవరో రైతు బస్తా దించుతాడు. గడియారం రెండూ ముప్ఫై అయిదు. వంటింట్లో గరిటె ఆగింది. గుడ్డ లేచింది, దిగింది, గీసుకుంది. ఆ గీత తను విన్నప్పుడు సన్నటి దారమంత, ఇప్పుడు ఇది.

"రాజూ."

కళ్ళు తెరుచుకున్నాయి. ఒళ్ళంతా కరిగిపోయినా కళ్ళు మాత్రం పాటల మాస్టరువే, తప్పు చేసిన పిల్లవాడి వైపు చూసే కళ్ళు.

"నేనొకటి చెప్పాల రాజూ. ఆ పొద్దు, క్రిస్మసుకు ముందర నువ్వు ఆఖరు పాట పాడితివే. అడుగు స్వరం కాడ తేడా వినపడింది నాకు. జలుబు కాదది. నాకు అప్పుడే తెల్సు. చెప్పల్యా."

దావీదురాజు పలక అందుకున్నాడు. బలపం నెమ్మదిగా కదిలింది. *తెల్సు.* అరచేత్తో తుడిచి మళ్ళీ రాశాడు, ఊపిరి గీసుకుంటూ. *ప్రతి ఆదివారం అడిగితి కదా నిన్ను.*

అడిగాడు. అవును, అడిగాడు. ఆ తర్వాతి ఆదివారం అడిగాడు, పండగనాడు చర్చి మెట్ల మీద అందరి మధ్యా పక్కకు పిలిచి అడిగాడు, సంక్రాంతి అయ్యాక మండీకే వచ్చి, బస్తాల మధ్య రెండు చరణాలు పాడి, హమాలీలు పని ఆపి చూస్తుంటే, ఎట్లుండాది శెట్టీ, అని అడిగాడు. పొగడ్త కోసమనుకున్నాడు తను. పాటగాళ్ళకు ఆ జబ్బు ఉంటుందిలే అనుకున్నాడు. అన్నిసార్లూ ఒకటే జవాబు, శానా బాగుండాది. పలక మీద ఇంకా ఏదో రాస్తున్నాడు, ఈసారి చాలాసేపు పట్టింది, అక్షరాలు చిన్నవైపోయి చివర పలక చాల్లేదు. *నాకు అనుమానమొచ్చె. నా చెవి భయంతో వింటాండాదేమో అనుకుంటి. అప్పుడు నీ చెవిని నమ్మితి.*

ఒకసారి చదివాడు. మళ్ళీ చదివాడు. అప్పుడు గదిలో ఏ చప్పుడూ వినబడలేదు, గుడ్డ చప్పుడు కూడా. నాన్న చెవి, వంశం చెవి. రైతు నమ్మాడు, వ్యాపారి నమ్మాడు, ఇతను కూడా నమ్మాడు, నమ్మి డాక్టరు దగ్గరికి పోలేదు. ఇతను తన నెత్తిన కొడితే బాగుండును. "తిట్టప్పా," అన్నాడు రాఘవేంద్రప్రసాద్, "నోటికొచ్చినట్టు తిట్టు రాజూ," అని, ఎవరితో ఏమంటున్నాడో తనకే వినబడి తల వంచుకున్నాడు. దావీదురాజు పెదవులు కొంచెం వంకర పోయాయి. నవ్వో ఏమో. పలక గుండె మీద పెట్టుకుని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. వీపు కనబడుతోంది, బనీను లోపల ఎముకలు ఒక్కొక్కటే లెక్కపెట్టేలా. ఐసు బండి వీధి చివరిదాకా పోయి తిరిగొచ్చింది. రాఘవేంద్రప్రసాద్ లేచి పోదామనుకున్నాడు, పోవడానికి మొహం లేదు, ఉండడానికీ లేదు. సంచి మూతి బిగించి పట్టుకుని కూర్చున్నాడు.

ఫ్యాను కిర్రుమంది. మూడు కాకుండానే కరెంటు వచ్చింది. టీవీ మీద ఎర్రటి చుక్క వెలిగింది. దావీదురాజు ఇటు తిరిగి, చేత్తో టీవీ చూపించాడు. సంచిలోంచి మూడూ తీసి దుప్పటి మీద పరిచాడు రాఘవేంద్రప్రసాద్, నలుపు తెలుపుల డిస్కు మంచానికి దగ్గరగా జరిపి, "ఇదే కదా," అన్నాడు. వేలు దాన్ని దాటి పోయింది. రంగుల డిస్కు మీద ఆగింది, శెట్టి డిస్కు మీద. ఎందుకో అర్థం కాలేదు. ఇష్టంగా ఇస్తున్నాడా, దెప్పుతున్నాడా. డిస్కు పెట్టి ఆఖరు అంకం దాకా ముందుకు తిప్పాడు. కోట తలుపు, బూడిదరంగు పొద్దు, కిందపడి ఉన్న పిల్ల. ఎత్తైన ఆ మనిషి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. సరిగ్గా అప్పుడు దావీదురాజు రిమోటు అందుకుని బటను నొక్కి పట్టాడు. తెర అడుగున శబ్దం చూపే పచ్చటి గీతలు ఒక్కొక్కటే తగ్గి సున్నా అయ్యాయి. వందమంది వాయిస్తున్నారు, ఆ మనిషి నోరు బావిలా తెరుచుకుంది, గదిలో ఫ్యాను కిర్రు తప్ప ఇంకేం లేదు. పలక ఇటు తిప్పి పెట్టాడు. *నువ్వు పాడు.*

"నేనా? నాకు యాడ వస్తుంది రాజూ."

వేలు మంచం పట్టె మీద కొట్టింది, టక్కుమని. ఆ పాటలో ప్రతి స్వరం తెలుసు, ప్రతి ఊపిరి ఎవరెవరు ఎక్కడ తీసుకున్నారో తెలుసు, ఫాదర్ రాసిన అర్థం కంఠతా వచ్చు. కానీ యాభై ఆరేళ్ళలో రాఘవేంద్రప్రసాద్ పాడలేదు, గుళ్ళో భజనలో కూడా పెదవులు ఆడించేవాడు, బిడ్డల ఉయ్యాల దగ్గర కూడా తాళం వేసేవాడంతే. వేలు మళ్ళీ కొట్టింది. నోరు తెరిచాడు. మొదట గాలి వచ్చింది. తర్వాత వచ్చినదాన్ని తనే విని సిగ్గుపడ్డాడు, మొరటుగా, పగిలి, ఎక్కడా నిలవని గొంతు. వేలు పైకి లేచింది, ఇంకా పైకి. పైకి పోయాడు. తప్పు. టక్కుమంది. మళ్ళీ. ఇటలీ మాటలు తన నోట్లో మండీ మాటల్లా ఉన్నాయి. ఆ మాటలకు అర్థం, నేను విన్నాను బిడ్డా, అనో, నేను వినలేదు బిడ్డా, అనో, రెండు రకాలుగానూ వస్తుందని ఫాదర్ నోటు పుస్తకంలో రాశాడు. ఏది పాడుతున్నాడో చూసుకోవడానికి తీరిక లేదు, వేలు ఆగడం లేదు, చెమట కళ్ళల్లోకి కారుతోంది, పాట మెట్లు దిగుతోంది.

వంటింట్లో గిన్నె పడిన చప్పుడైంది. జీవమ్మ పరిగెత్తుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది, రెండు చేతులకూ రాగి జావ. పదకొండు నెలల తర్వాత ఆ గదిలోంచి మగగొంతు పాట. ఆమె చూపు ముందు మంచం మీదికే పోయింది. మొహమంతా ఒక్కసారి విప్పారింది. దావీదురాజు పెదవులు మూసే ఉన్నాయి. అప్పుడు కుర్చీలో ఉన్న మనిషిని చూసింది, చూస్తుండగానే ఆ మొహంలో వెలుతురు పోయింది. చేతులు కొంగుకు తుడుచుకుని, గడప పక్కన గోడకు ఆనుకుని కింద కూర్చుంది.

రాఘవేంద్రప్రసాద్ గొంతు ఆగిపోయింది. టక్కు, అంది మంచం పట్టె. మొదటినుంచి ఎత్తుకున్నాడు.